మానని రొమ్ము గడ్డ, ముగ్గురు డాక్టర్లు, మూడు మాటలు

పల్నాడు ప్రాంతంలోని ఒక పట్టణం నుంచి ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కనుక వాటిని వదిలి, విషయాన్ని మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి నాలుగో ఏడు నడుస్తోంది. వాడికి రెండేళ్లు నిండేదాకా పాలిచ్చారు. ఏడు నెలల క్రితం ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలింది. వారం తిరిగేసరికి చర్మం ఎర్రబడి, రాత్రుళ్లు నిద్ర పట్టనంత సలుపు మొదలైంది. అత్తగారు పాలగడ్డ అనుకుని పసుపు, ఆముదం పట్టు వేయించారు. ఊళ్లోని సర్జన్ రెండు విడతలు యాంటీబయాటిక్స్ ఇచ్చి, తగ్గకపోయేసరికి కోసి చీము తీశారు. ఆ కోత ఇప్పటికీ మానలేదు. పైగా దాని పక్కనే మరో రెండు చోట్ల చర్మం పలచబడి, చిల్లు పడి, రసి కారుతోంది. గుంటూరులో తీయించిన స్కానింగ్ రిపోర్టులో ‘బైరాడ్స్ 4’ అని రాశారు. సన్నసూదితో చేసిన పరీక్షలో ‘గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్’ (ఒక రకం రొమ్ము వాపు) అని వచ్చింది.

అక్కడి నుంచి దారులు చీలిపోయాయి. ఆ కాగితం చూసిన ఫిజీషియన్ ఇది టీబీయేనని చెప్పి మందులు మొదలుపెట్టారు. ఆరు వారాలైనా గడ్డ తగ్గలేదు; వాంతులు, నోరు చేదు మాత్రం పట్టుకున్నాయి. హైదరాబాదులో చూపిస్తే, ఇది టీబీ కాదు, ఆ మాత్రలు ఆపి స్టెరాయిడ్లు వాడాలన్నారు. విజయవాడలో మూడో డాక్టరు, మందులతో తేలేది కాదు, గడ్డ మొత్తం తీసేయడమే మేలన్నారు. ఇంట్లో పరిస్థితి ఇంకో రకం. టీబీ అని విన్న రోజు నుంచి అత్తగారు ఆమె కంచం, గ్లాసు వేరు చేశారు. చిన్నవాణ్ణి ఆమె పక్కలో పడుకోనివ్వడం లేదు. ఆడపడుచు అయితే ఇది క్యాన్సరేనని, పైకి చెప్పకుండా దాస్తున్నారని బంధువుల దగ్గర అంటున్నారు. భర్త ఎరువుల దుకాణం నడుపుతారు. భార్యను వెంటబెట్టుకుని తిరుగుతున్నది ఆయనే, అయితే ‘ఎవరి మాట విందామో నువ్వే చెప్పు’ అని భారం ఆమె మీద పెట్టారు.

ఉత్తరం చివర, దీనికి సంబంధం లేదేమోనంటూ ఆమె రెండు మాటలు చేర్చారు. రెండు నెలలుగా మోకాళ్ల కింద ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా ఉండే బుడిపెలు వస్తున్నాయి, చీలమండలు పట్టేస్తున్నాయి. ఏడాదికి పైగా గ్యాస్ కోసం పరగడుపున రోజూ ఒక క్యాప్సూల్ వేసుకుంటున్నారు. ఆమె ప్రశ్నలు నాలుగు: ఇది క్యాన్సరా? ముగ్గురిలో ఎవరి మాట వినాలి? బిడ్డను పక్కలో వేసుకోవచ్చా? ఆడపిల్ల కోసం మూడో కాన్పు అనుకుంటున్నారు, ఆ ఆశ వదులుకోవాలా?

సమాధానం:

అమ్మా, మీ నాలుగు ప్రశ్నల కంటే ముందు, మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. టీబీ మందులు వాడుతూ ఆరు వారాలుగా వాంతులు, చేదు ఉన్నాయంటే దాన్ని గ్యాస్ అని సరిపెట్టుకోకూడదు. ఆ మందుల్లో మూడు కాలేయం మీద ప్రభావం చూపగలవు. రేపే లివర్ ఫంక్షన్ టెస్టు చేయించి, ఆ కాగితంతో మందులు మొదలుపెట్టిన డాక్టరును కలవండి. ఈలోగా కళ్లు పచ్చబడినా, అన్నం చూస్తేనే వాంతి వస్తున్నా, కుడివైపు డొక్కలో నొప్పి వచ్చినా ఆ రోజే, అవసరమైతే రాత్రిపూటే, ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం నారింజ రంగులో రావడం మాత్రం ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల అందరికీ జరిగేదే, దానికి కంగారు పడనక్కరలేదు.

ఇక క్యాన్సర్ మాట. ఉత్తరం చదివి రోగం నిర్ధారించడం ఎవరికీ సాధ్యం కాదు. అయితే మీ వయసు, పాలు మాన్పించి రెండేళ్లు కూడా కాకపోవడం, నొప్పి, ఎరుపు, ఒకచోట మానకముందే పక్కనే మరోచోట చిల్లు పడడం, సూది పరీక్షలో క్యాన్సర్ కణాలు లేకపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే క్యాన్సర్ కాకపోవడానికే ఎక్కువ అవకాశం కనిపిస్తోంది. మీ ఆడపడుచుకు అనుమానం ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు కానీ, స్కానింగ్ రిపోర్టులోని ఆ 4 అంకె చూసి చాలా కుటుంబాలు బెదిరిపోతాయి. అది క్యాన్సర్ దశను చెప్పే అంకె కాదు. అనుమానం ఉంది కాబట్టి ముక్క తీసి చూడండి అని స్కానింగ్ డాక్టరు మీ డాక్టరుకు ఇచ్చే సూచన అది. ఆ వర్గంలో క్యాన్సర్ ఉండే అవకాశం 2 శాతం కంటే కొంచెం ఎక్కువ నుంచి 95 శాతం లోపు దాకా ఎంతైనా కావచ్చు; అంత వెడల్పైన గది అది. మీకు రాసింది 4ఎ నా, 4బి నా, 4సి నా అనేది రిపోర్టులో ఉందేమో చూడండి. ఏది రాసినా తరువాత చేయవలసిన పని ఒక్కటే, అదే మీకింకా జరగలేదు.

ముగ్గురు డాక్టర్లు మూడు దారులు చూపడానికి కారణం కూడా అక్కడే ఉంది. ముగ్గురి చేతిలోనూ ఉన్నది సన్నసూది పరీక్ష కాగితం ఒక్కటే. సన్నసూది విడివిడి కణాలను పీల్చి తెస్తుంది. ఆ కణాల్లో గ్రాన్యులోమా, అంటే శరీరం దేన్నో చుట్టుముట్టడానికి కట్టిన రక్షక కణాల గుంపు, ఉందని మాత్రమే పాథాలజిస్టు చెప్పగలిగారు. ఆ గుంపు టీబీ క్రిమి చుట్టూ కట్టిందా, లేక కారణం తెలియని వాపు వల్ల కట్టిందా అన్నది కణజాలం అల్లికలో బాగా తెలుస్తుంది, విడి కణాల్లో చాలాసార్లు తేలదు. ఆ ఖాళీని ముగ్గురూ తమ అనుభవంతో పూరించారు. టీబీ ఎక్కువగా ఉన్న దేశంలో ఫిజీషియన్ ముందుగా టీబీని తలచుకోవడంలో అసహజం ఏమీ లేదు. కానీ గ్రాన్యులోమా అన్న మాట కనబడగానే వేరే ఆధారం వెతకకుండా ఆరు నెలల మందులు రాసే అలవాటును నేను సమర్థించలేను. అలాగే, టీబీ కాదని తేల్చకుండా స్టెరాయిడ్లు మొదలుపెట్టడం దానికంటే ప్రమాదం. నిజంగా టీబీ ఉంటే స్టెరాయిడ్ దాన్ని రగిలిస్తుంది.

హైదరాబాదు డాక్టరు మనసులో ఉన్న జబ్బు పేరు ఇడియోపథిక్ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్, అంటే గ్రాన్యులోమాలు కట్టే, కారణం తెలియని రొమ్ము వాపు. దీన్ని 1972లో కెస్లర్, వోలోక్ అనే వైద్యులు ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించారు. చూడడానికి క్యాన్సర్‌లా భ్రమింపజేస్తుందన్న సంగతి వారి వ్యాసం శీర్షికలోనే ఉంది. అరుదైనదే, కానీ రొమ్ము జబ్బులు ఎక్కువగా చూసే కేంద్రాలకు పరిచితమైనదే. పిల్లల్ని కని పాలిచ్చిన, సంతానం కలిగే వయసులో ఉన్న స్త్రీలలో, ఎక్కువగా చివరి కాన్పు తరువాత కొన్నేళ్లలోపు వస్తుంది. పాలగ్రంథుల నుంచి ద్రవం చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరి, దాని మీద శరీరమే తిరగబడుతుందని ఎక్కువ మంది భావిస్తారు. ఇది క్యాన్సర్‌గా మారుతుందనడానికి ఆధారం లేదు. అంటువ్యాధి కూడా కాదు.

సంబంధం లేదేమోనని మీరు చివర రాసిన రెండు మాటలు నాకు ఉత్తరంలోకెల్లా ముఖ్యమైనవిగా తోచాయి. కాళ్ల మీద వచ్చే ఆ ఎర్రటి నొప్పి బుడిపెలు ఎరిథీమా నోడోసం అనే చర్మం కింది వాపు కావచ్చు. అది, చీలమండల నొప్పి, ఈ రొమ్ము వాపు కలిసి రావడం వైద్యులు పలుమార్లు గమనించినదే. అలాగని దాన్ని చూసి టీబీ కాదని తేల్చేయలేం, ఎందుకంటే టీబీలోనూ ఆ బుడిపెలు రావచ్చు. కాబట్టి డాక్టరుకు కాళ్లు చూపించండి. ముగ్గురిలో ఎవరికైనా చూపించినట్టు మీరు రాయలేదు; రొమ్ము కోసం వెళ్లినప్పుడు కాళ్ల సంగతి ఎందుకని ఊరుకుని ఉంటారు.

ఆ గ్యాస్ క్యాప్సూల్ పట్టీ తీసి వెనక వైపు చదవండి. మన మందుల షాపుల్లో చీటీ లేకుండానే ఇచ్చే ఈ రకం క్యాప్సూళ్లలో పాంటాప్రజోల్‌తో గానీ రాబిప్రజోల్‌తో గానీ డోంపెరిడోన్ కలిపి ఉండడం సర్వసాధారణం. డోంపెరిడోన్ రక్తంలో ప్రొలాక్టిన్ హార్మోన్‌ను పెంచుతుంది. పాలు తక్కువైన తల్లులకు కొందరు డాక్టర్లు దీన్ని వాడేది అందుకే. మానసిక సమస్యలకు వాడే రిస్పెరిడోన్ వంటి మందులు కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉన్నవారిలో ఈ రొమ్ము వాపు రావడం, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టడం నమోదై ఉన్నాయి. మీ జబ్బుకు కారణం అదేనని నేను అనడం లేదు. ప్రొలాక్టిన్, థైరాయిడ్ పరీక్షలు రెండూ చేయించి, ఆ క్యాప్సూల్ నిజంగా అవసరమా, డోంపెరిడోన్ లేనిది సరిపోతుందా అని అడగండి.

ఇప్పుడు అసలు పని, ముక్క పరీక్ష. దీన్ని కోర్ బయాప్సీ అంటారు. రొమ్ముకు మత్తు సూది ఇచ్చి, చర్మం మీద మిల్లీమీటర్లలో చిన్న గాటు పెట్టి, స్కానింగ్‌లో చూస్తూ కాస్త లావుపాటి సూదితో నాలుగైదు సన్నని పోగుల్లాంటి ముక్కలు తీస్తారు. సూది పనిచేసినప్పుడు కాగితాలకు పిన్ను కొట్టినట్టు టక్కుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడు ముందే తెలిసి ఉంటే ఉలిక్కిపడరు. ఆ మధ్యాహ్నమే ఇంటికి వెళ్లిపోవచ్చు. కొంత కమిలి నల్లబడుతుంది, రెండు రోజులు నొప్పి ఉంటుంది. ‘సూది పెడితే క్యాన్సర్ పాకుతుంది’ అన్న భయం మన పల్లెల్లోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. దానివల్ల ఎందరో నెలల తరబడి ఆలస్యం చేసుకుంటున్నారు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి కూడా ప్రపంచమంతటా చికిత్సకు ముందు చేసేది ఈ పరీక్షనే.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త, దీన్ని మీరే అడిగి చేయించుకోవాలి. తీసిన ముక్కల్ని రెండు డబ్బాల్లో వేయమనండి. ఒకటి ఫార్మలిన్ ఉన్న డబ్బా. అది పాథాలజీకి వెళ్లి సూక్ష్మదర్శిని కింద అల్లికను చూపిస్తుంది. రెండోది ఉత్త సెలైన్ ఉన్న శుభ్రమైన డబ్బా. అది మైక్రోబయాలజీకి వెళ్లాలి. ఫార్మలిన్‌లో పడిన ముక్కలో క్రిములు చచ్చిపోతాయి, ఇక వాటిని పెంచి చూసే కల్చర్ పరీక్ష సాధ్యం కాదు. మొత్తం ముక్కలన్నీ అలవాటు ప్రకారం ఫార్మలిన్‌లో వేసేసి, తరువాత టీబీ కల్చర్ కావాలంటే మళ్లీ సూది గుచ్చవలసి రావడం ఆసుపత్రుల్లో జరుగుతూనే ఉంటుంది. రెండో డబ్బాతో మూడు పరీక్షలు కోరండి: సీబీనాట్ (టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష), టీబీ కల్చర్, మామూలు బ్యాక్టీరియా కల్చర్. ఆ చివరి కల్చర్‌ను త్వరగా ముగించకుండా కొన్ని రోజులు ఎక్కువ ఉంచమని చీటీ మీద రాయించండి. కొరినీబ్యాక్టీరియం క్రోపెన్‌స్టెటై అనే క్రిమి ఈ రకం గడ్డల్లో కనబడుతుందని 2000ల తొలి ఏళ్లలో న్యూజిలాండ్ వైద్యులు గుర్తించారు. అది కొవ్వును ఇష్టపడి నెమ్మదిగా పెరుగుతుంది కనుక, ల్యాబువాళ్లు చర్మం మీది మామూలు క్రిమి అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. అది దొరికితే చికిత్సలో డాక్సీసైక్లిన్ వంటి, కొవ్వు కణజాలంలోకి చొచ్చుకుపోయే యాంటీబయాటిక్స్‌కు చోటు వస్తుంది.

మీ విషయంలో ఒక చిక్కు ఉందని దాచను. ఆరు వారాలు టీబీ మందులు పడ్డాయి కనుక, నిజంగా టీబీ అయినా ఇప్పుడు కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు. పైగా రొమ్ము టీబీలో క్రిములు అసలే తక్కువగా ఉంటాయి, సీబీనాట్‌లో లేదని వచ్చినంత మాత్రాన టీబీ లేదని తీర్పు చెప్పలేం. అందుకే మందులు మొదలుపెట్టక ముందు తీసిన సన్నసూది స్లైడ్లు విలువైనవి. ల్యాబుల్లో వాటిని సాధారణంగా భద్రపరుస్తారు. వెళ్లి తెచ్చుకుని, కొత్త పాథాలజిస్టుకు ఇచ్చి, టీబీ క్రిమికి వేసే రంగు వేసి చూశారో లేదో అడగండి. ఛాతీ ఎక్స్‌రే, చంకలో గ్రంథుల స్కానింగ్, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిన చరిత్ర, అన్నీ కలిపి చూడాలి. చేతి మీద వేసే మాంటూ సూది ఉబ్బిందని మాత్రం దేన్నీ నిర్ణయించుకోకండి. మన దేశంలో జబ్బు లేకుండానే ఎంతోమందికి అది ఉబ్బుతుంది.

బయాప్సీ ఫలితం వచ్చాక దారులు ఇలా విడిపోతాయి.

టీబీ అని తేలితే ఉన్న మందులే సరైనవి, కాలేయం సంగతి చూసుకుంటూ మొత్తం ఆరు నెలలు పూర్తి చేయాలి. ప్రభుత్వ టీబీ కేంద్రంలో పేరు నమోదైతే మందులు ఉచితం, నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. టీబీ ఆధారాలు ఏవీ దొరకక, గ్రాన్యులోమాలు పాలు తయారయ్యే చిన్న గ్రంథుల గుత్తుల చుట్టూనే ఉండి, లోపల టీబీలో కనబడే వెన్నలాంటి కుళ్లు లేకపోతే, ఇడియోపథిక్ జబ్బు వైపు మొగ్గుతాం. అప్పుడు కూడా టీబీ మందులు ఆపాలా వద్దా అన్నది మొదలుపెట్టిన డాక్టరు, బయాప్సీ చేసిన డాక్టరు మాట్లాడుకుని నిర్ణయించవలసినదే గానీ మీ అంతట మీరు ఆపవద్దు. రెండూ కలిపి వాడదామని ఎవరైనా అంటే ఒక్క విషయం గుర్తుచేయండి: రిఫాంపిసిన్ స్టెరాయిడ్‌ను కాలేయంలో త్వరగా కరిగించేస్తుంది, కనుక మామూలు మోతాదు సరిగా పనిచేయకపోవచ్చు.

అరుదుగా మూడోది ఏదైనా రావచ్చు. ఫిల్లాయిడ్ అనే మరో రకం రొమ్ము గడ్డ అయితే మందులకు లొంగదు, చుట్టూ కాస్త ఆరోగ్యమైన కణజాలంతో సహా తీయవలసిందే. చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవారికి వచ్చే గట్టి గడ్డ అయితే సాధారణంగా వదిలేస్తారు. మీ లక్షణాలు ఆ రెంటికీ సరిపోలడం లేదు కనుక వాటి జోలికి ఎక్కువ వెళ్లను.

ఇడియోపథిక్ జబ్బే అయితే, తొందరపడవలసిన పని లేదన్నది అన్నిటికంటే ముందు తెలుసుకోవాలి. ఏ చికిత్సా లేకుండా కూడా చాలామందిలో కొన్ని నెలల నుంచి రెండేళ్ల లోపు ఇది తనంతట తానే చల్లారుతుంది. నొప్పికి మాత్రలు, చీము చేరితే కోత పెట్టకుండా స్కానింగ్‌లో చూస్తూ సూదితో లాగేయడం, నెలకో రెండు నెలలకో పరీక్ష, ఇంతే. దీనివల్ల మందుల దుష్ప్రభావాలు ఉండవు. కానీ రెండేళ్ల దాకా రసి తుడుచుకుంటూ, బంధువుల మాటలు భరిస్తూ ఎదురుచూడడం అందరివల్లా కాదు. చిల్లులు లేని, నొప్పి తక్కువున్న చిన్న గడ్డ అయితే నేను ముందుగా దీన్నే సూచించేదాన్ని. మీకు ఇప్పటికే మూడు చోట్ల కారుతోంది కనుక కొంచెం ముందుకు వెళ్లడం సమంజసమే.

స్టెరాయిడ్ మాత్రలను ఈ జబ్బుకు 1980లో డీహెర్టో అనే వైద్యుడు, ఆయన సహచరులు సూచించారు, అప్పటి నుంచి వాడుకలో ఉన్నాయి. ప్రెడ్నిసలోన్‌ను బరువుకు తగినట్టు, కిలోకు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము దాకా మొదలుపెట్టి, గడ్డ కరిగేకొద్దీ నెలల మీద నెమ్మదిగా తగ్గించుకుంటూ వస్తారు. చాలామందికి కొన్ని వారాల్లోనే సలుపు, ఎరుపు తగ్గుతాయి. చిక్కల్లా మోతాదు తగ్గించేటప్పుడు కొందరికి గడ్డ తిరిగి లేవడం. ఆకలి పెరుగుతుంది, ముఖం గుండ్రబడుతుంది, నిద్ర తగ్గుతుంది, బీపీ, షుగరు ఎక్కవచ్చు. మొదలుపెట్టే ముందు షుగరు, బీపీ, హెపటైటిస్ బి చూడాలి. ఉదయం టిఫిన్ తిన్నాక వేసుకోవాలి. బాగుంది కదా అని ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. అదే చీటీతో మందుల షాపులో మళ్లీ మళ్లీ తెచ్చుకుని ఏడాది పొడవునా మింగేవాళ్లను చూస్తుంటాం, అలా మాత్రం చేయకండి.

మాత్రల బదులు స్టెరాయిడ్‌ను స్కానింగ్‌లో చూస్తూ గడ్డలోకే సూదితో ఇచ్చి, పైన చర్మానికి స్టెరాయిడ్ క్రీము రాయడం ఇటీవలి ఏళ్లలో బాగా వాడుకలోకి వచ్చింది. టర్కీ వైద్యులు దీని మీద చాలా పని చేశారు. ఒళ్లంతా తిరిగే మందు తక్కువ కనుక బరువు, షుగరు బెడద తగ్గుతుంది. కొన్ని వారాలకొకసారి చొప్పున పలుమార్లు వెళ్లవలసి ఉంటుంది. ఇది చేసే చేయి దగ్గరలో దొరికితే, మీ పరిస్థితికి నాకు అన్నిటికంటే నచ్చే దారి ఇదే. అయితే కాళ్ల బుడిపెలు, కీళ్ల నొప్పులు కూడా బాధిస్తుంటే మాత్రలే మేలని మీ డాక్టరు అనవచ్చు, అదీ సబబే.

స్టెరాయిడ్ ఆపగానే తిరగబెట్టేవారికి మెథోట్రెక్సేట్ ఇస్తారు. దీని గురించి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఇది వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు, కనుక వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాయించుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. రెండోది, ఇది కడుపులో బిడ్డకు తీవ్ర హాని చేస్తుంది. కాన్పు ఆలోచన ఉన్నవారు దీని జోలికి వెళ్లేముందు గర్భం లేదని పరీక్షతో తేల్చుకుని, వాడినన్నాళ్లూ, ఆపాక డాక్టరు చెప్పిన గడువు దాకా గట్టి జాగ్రత్త తీసుకోవాలి.

ఇక కత్తి. విజయవాడ డాక్టరు చెప్పినట్టు గడ్డ మొత్తం తీసేస్తే కొందరికి ఒక్కసారితో తీరిపోతుంది, ఆ మాట నిజమే. కానీ వాపు రగులుతుండగా కోస్తే కుట్లు మానకపోవడం, పక్కన మళ్లీ గడ్డ లేవడం, రొమ్ము ఆకారం చెడడం జరుగుతాయి. మొదటి కోత ఇప్పటికీ మానని మీకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మందులతో గడ్డ చిన్నదై, చిల్లు ఒక్కటే మిగిలి మొండికేస్తే అప్పుడు చిన్న ఆపరేషన్‌కు అర్థం ఉంది. మొత్తం రొమ్ము తీసేయాలని ఎవరైనా అంటే, స్లైడ్లు, వాటితో పాటు బయాప్సీ ముక్కలను భద్రపరిచిన మైనపు దిమ్మెలు పట్టుకుని మరో చోట చూపించకుండా ఒప్పుకోవద్దు.

ఏ దారి పట్టినా ఒక షరతు. బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చాక కూడా, సరైన మందు పడుతుండగా గడ్డ పెరుగుతూనే ఉంటే, లేదా స్కానింగ్ డాక్టరు తాను చూసినదానికీ పాథాలజీ రిపోర్టుకూ పొంతన లేదంటే, ఇంకోసారి ముక్క తీయించాలి. మళ్లీనా అని విసుక్కోవద్దు.

ఇంటి సంగతికి వద్దాం. మీ కంచం, గ్లాసు వేరు చేయవలసిన అవసరం లేదు. టీబీ గాలి ద్వారా పాకేది ఊపిరితిత్తుల్లో ఉన్నప్పుడు, దగ్గినప్పుడు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉండి దగ్గు లేకపోతే, రొమ్ములో టీబీయే ఉన్నా అది కంచం వల్లా, పక్కలో పడుకోవడం వల్లా బిడ్డకు రాదు. ఆ ఎక్స్‌రే తీయించుకున్న రోజు అత్తగారిని కూడా డాక్టరు గదిలోకి తీసుకువెళ్లి, ఈ ఒక్క ప్రశ్న ఆమె చేతే అడిగించమని మీ భర్తతో చెప్పండి. కోడలు చెప్పిన మాట కంటే డాక్టరు చెప్పిన మాట ఆమెకు త్వరగా ఎక్కుతుంది. రసి అంటిన దూదిని కవరులో మూటగట్టి పారేసి, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. పుండు మీద పసుపు, ఆముదం ఇక వద్దు. కట్టుకు వాడే మెత్తటి గాజ్ గుడ్డ పెట్టి, తీగ లేని నూలు బ్రా కాస్త బిగువుగా వేసుకుంటే నడిచేటప్పుడు సలుపు తగ్గుతుంది. ఆడపడుచుకు ఇప్పుడే సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. బయాప్సీ కాగితం వచ్చాక మీ భర్త తన అక్కచెల్లెలితో తాను మాట్లాడుకోవచ్చు. ఎవరి మాట వినాలన్న నిర్ణయంలో కూడా ఆయన సగం భారం మోయాలని నేను అన్నానని చెప్పండి.

మూడో కాన్పు ఆశ వదులుకోనక్కరలేదు. ఈ జబ్బు గర్భసంచికి గానీ సంతానానికి గానీ అడ్డు కాదు. అయితే గడ్డ పూర్తిగా చల్లారి, మందులన్నీ ఆపి, కొంతకాలం నిలకడగా ఉన్నాక ప్రయత్నించడం మంచిది. అప్పటిదాకా గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడవద్దు. రిఫాంపిసిన్ వాటి శక్తిని తగ్గిస్తుంది, పైగా ఈ రొమ్ము వాపుకూ హార్మోన్ మాత్రలకూ సంబంధం ఉండవచ్చన్న అనుమానం ఉంది. కాపర్ టీ గానీ కండోమ్ గానీ నయం. కాన్పయ్యాక పాలు పట్టడం గురించి కూడా ఇప్పుడే బెంగ వద్దు. కుడి రొమ్ము బాగానే ఉంది, ఎడమ దాని సంగతి అప్పటి పరిస్థితిని బట్టి చూసుకోవచ్చు.

ముగ్గురిలో ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది చివరికి మిగిలింది. ముగ్గురికీ ఫోన్ చేసి ఒకటే అడగండి: ‘స్కానింగ్‌లో చూస్తూ కోర్ బయాప్సీ చేసి, ముక్కను పాథాలజీకీ టీబీ పరీక్షలకూ రెండింటికీ పంపగలరా?’ అవునన్నవారి దగ్గరికి వెళ్లండి. ఎవరూ అనకపోతే రొమ్ము సర్జన్, పాథాలజీ, మైక్రోబయాలజీ ఒకే ఆవరణలో ఉన్న బోధనాసుపత్రికి వెళ్లండి. స్కానింగ్ ఫిల్ములు, సన్నసూది స్లైడ్లు, టీబీ మాత్రల చీటీ, ఆ గ్యాస్ క్యాప్సూల్ పట్టీ, లివర్ టెస్టు కాగితం ఒకే సంచిలో పెట్టుకోండి. ఫలితం వచ్చాక మళ్లీ రాయండి. అప్పుడు మందుల సంగతి ఇంకాస్త వివరంగా మాట్లాడుకోవచ్చు.